వల్లెవేయవలసినవి, వెదకవలసినవి

తెలుగు పండితునికి ప్రోగ్రామింగు భాషతో పనేమిటని మిత్రులు అడుగుతుంటారు. ఉద్యోగ విరమణానంతరం, పద్యపాదాలలో గురులఘువులను గుర్తించి గణవిభజన చేసే చిన్న ప్రోగ్రామును పైథాన్‌లో వ్రాసుకున్నాను. పద్యానికొకసారి దానిని నడుపుతాను. నాలుగు పాదాల లెక్క ఎంతసేపు! అంతకంటె, పైథాన్ మేల్కొని తన స్టాండర్డ్ లైబ్రరీలోని ఫైళ్ళను తెచ్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. ఆ నిరీక్షణయే నన్ను ఈ విషయం చదివించింది.

ఇంపోర్ట్ అనగానే పైథాన్ మొదట, ఆ మాడ్యూలును ఇదివరకే తెచ్చుకున్నానా అని చూసుకుంటుంది. లేకపోతే తనకు చెప్పిన ఫోల్డర్లను వరుసగా వెదకుతుంది. పూర్వం ప్రతి ఫోల్డరులోను, ఈ పేరుకు ఈ ప్రత్యయం చేరిన ఫైలున్నదా, ఆ ప్రత్యయం చేరినది ఉన్నదా అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను పదేపదే ప్రశ్నించేది. 2012లో వచ్చిన 3.3 నుండి ఫోల్డరులోని పేర్లన్నిటినీ ఒక్కసారి జాబితాగా గ్రహించి, ఆ జాబితాలోనే చూస్తున్నది. ఫోల్డరు మారినప్పుడే జాబితాను మరల తయారుచేస్తుంది. బీరువాలన్నీ తెరవకుండా సూచికను చూసే గ్రంథపాలకుని పద్ధతి ఇది.

దొరికిన ఫైలును కూడ ప్రతిసారీ మొదటినుండి అనువదించుకోదు. ఒకసారి సిద్ధమైన బైట్‌కోడును పైసీ ఫైలుగా దాచి, మూలం మారనంతవరకు దానినే వాడుతుంది. అయినా ఆ ఫైలును తెరవాలి, చదవాలి, మెమొరీలో మరల అమర్చుకోవాలి. 2022 అక్టోబరులో వెలువడిన 3.11లో ఈ శ్రమనూ తగ్గించారు. ఆరంభంలో తప్పనిసరియైన ఓఎస్, సైట్, కోడెక్స్ వంటి మాడ్యూళ్ళను ఇంటర్‌ప్రెటరులోనే ఇమిడ్చారు. వాటికై విడిగా ఫైళ్ళు తెరవనక్కరలేదు. ఆరంభవేగం 10 నుండి 15 శాతం పెరిగినదని పైథాన్ వారి ప్రకటన.

ఇది కంఠస్థం చేయడమే! యమాతారాజభానస సూత్రం నోటికి వచ్చిన విద్యార్థి గణం పేరు కొరకు పుస్తకం తెరవడు. అపూర్వపదం ఎదురైతే మాత్రం శబ్దరత్నాకరం తీస్తాడు. అన్నిటినీ వల్లెవేయించాలనే వారితోను, ఏదీ వల్లెవేయించరాదనే వారితోను నేను ఏళ్ళ తరబడి వాదించాను. అంతా నోటికి రావాలన్న చదువులో అర్థం ఆవిరవుతుంది. ఏదీ నోటికి రాని చదువులో పద్యం ముందుకు సాగదు.

కంఠస్థానికి వెల కూడ ఉన్నది. ఇంటర్‌ప్రెటరులో ఇమిడిన మాడ్యూలు తాలూకు ఫైలును మనం దిద్దినా, ఆ దిద్దుబాటు అమలులోకి రాదు. ఆ ఏర్పాటును ఆపితేనే వస్తుంది. కనుక నిత్యం కావలసినదానిని, తరచు మారనిదానిని మాత్రమే నోటికెక్కించాలి. తక్కినవి అవసరం వచ్చినప్పుడు తెరవాలి. మాడ్యూలును వాడే క్షణం వరకు తేకుండా నిలిపే ‘లేజీ’ ఇంపోర్ట్ ప్రతిపాదనకు 2025 నవంబరులో ఆమోదం లభించింది. సోమరి అని వారు పేరు పెట్టినా, నా దృష్టిలో అది వివేకం.

వల్లెవేతను గురించి వాదించే రోజులలో ఈ ఉదాహరణ నా చేతిలో లేదు. ఇప్పుడు సేవలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులెవరైనా దీనిని నిస్సంకోచంగా వాడుకోవచ్చు.