ఆ 407 వెనక అంత ఎత్తుగా ఎందుకుంది?

మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల పోస్టులే ఎక్కువ. ఇది పాత బండి గురించి. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి. మన తండాల్లో చాలామంది అన్నలు సెకండ్ హ్యాండ్ బండ్లు కొంటున్నారు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

మాది బొల్లాపల్లి మండలం. మా భియా తొమ్మిదేళ్లుగా పరాయివాళ్ల బండే తోలుతున్నాడు. సీజన్‌లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అంతకుముందు పత్తి. సొంత బండి కొనాలని ఎప్పట్నుంచో ఉంది. పోయిన ఏడాది కాయ అమ్మిన డబ్బు, చీటీ డబ్బు కలిపితే 2,80,000 అయ్యింది. చాలకపోతే అమ్ముకోమని యాడి తన వెండి కడియాలు కూడా తీసి ముందు పెట్టింది. అప్పుడు చీమకుర్తి వైపు ఒక పాత టాటా 407 ఉందని తెలిసింది. భియా ఫోటో పంపి, "చూడరా, పులిలా నిలబడింది" అన్నాడు.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నా. ఫోటో చూడగానే నాకు అనుమానం వచ్చింది. బండి ముందుకి వంగి, వెనక లేచి ఉంది. ఫోన్ చేసి "భియా, వెనక కమాన్లు ఎక్కించారేమో" అన్నా. "ఎత్తుంటే మంచిదే కదా, వానాకాలం మన రేగడి డొంకల్లో కింద తగలదు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. మా డొంకలో రెండు వానలు పడితే ట్రాక్టరే దిగబడుతుంది.

కానీ నా భయం వేరే. కాయ కోతలప్పుడు తండా ఆడవాళ్లు బండి వెనకే ఎక్కి పోతారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని అందరికీ తెలుసు, తెల్లారుజామున ఇంకో దారీ ఉండదు. మా పెద్దమ్మ అలాగే వెళ్తూ మలుపులో బండి తిరగబడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. బండి ఎంత ఎత్తయితే మలుపులో అంత తొందరగా ఒరుగుతుంది.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. నా దగ్గర టేపు, సెల్ టార్చి. అమ్మేవాళ్లు "కంపెనీ ఎత్తే బాబూ" అన్నారు. పక్క షెడ్డులో అదే మోడల్ 407 ఇంకోటి ఉండటం మా అదృష్టం. ఒక్క బండినే చూస్తే ఎత్తో కాదో తేల్చలేం, పోల్చడానికి ఇంకోటి కావాల్సిందే. రెండూ ఖాళీవే, నేలా చదునే.

మొదట టైర్లు చూశా. పెద్ద టైర్లు వేసినా బండి లేస్తుంది కదా. రెండిటికీ 7.50-16 అనే ఉంది. తర్వాత బాడీ. లారీల్లో ఛాసిస్‌కీ బాడీకీ మధ్య చెక్క దుంగలు వేస్తారు, అవి లావుగా ఉన్నా బాడీ మాత్రమే లేస్తుంది, కమాన్లకి సంబంధం లేదు. అందుకే నేల నుంచి కొలవలేదు. చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా ఛాసిస్ కింది అంచు దాకా కొలిచా. ముందు ఒక సెంటీమీటరు తేడా, అది లెక్కలోది కాదు. వెనక రెండు వైపులా 9 సెంటీమీటర్లు ఎక్కువ. అంటే టైరూ కాదు, బాడీ కాదు, సస్పెన్షనే.

ఇక కింద దూరా. పక్క బండి కన్నా కమాను కట్టలో రెండు పట్టీలు ఎక్కువున్నాయి. ఆ రెండింటి తుప్పు రంగే వేరు. యూ బోల్టులు కొత్తవి, పొడుగువి. కొన్నిటికి కమాను కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఇనుప దిమ్మ పెడతారు, కొన్నిటికి పాత పట్టీలే కొలిమిలో కాల్చి వంపు కొట్టిస్తారు. ఇక్కడ అవి లేవు. చీమకుర్తి అంటే గ్రానైట్. రాయి మోయడానికే ఆ పట్టీలు ఎక్కించారని అర్థమైంది.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. రాయి వేస్తే ఆ కమాన్లు అణిగి బండి మామూలు ఎత్తుకి వస్తుంది. మనం వేసేది మిర్చి. టిక్కీ నలభై కిలోల పైన, అరవై టిక్కీలు వేస్తే దాదాపు రెండున్నర టన్నులు. ఆ బరువుకి అంత గట్టి కమాన్లు సరిగ్గా అణగవు. సరుకేమో క్యాబిన్ మీద దాకా లేస్తుంది. కింద ఎత్తు, పైన ఎత్తు. పైగా ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి క్రాసులు తొందరగా పోతాయి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఎన్ని పట్టీలు ఎక్కించినా ఆర్సీలో రాసిన లోడు పెరగదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

భియా ముఖం మాడిపోయింది. "రెండు పట్టీలు తీయించేస్తే సరిపోద్ది కదరా" అన్నాడు. నిజమే, తీయించొచ్చు, పెద్ద ఖర్చూ కాదు. నేనూ సరే అనేవాణ్నే. కానీ టార్చి ఇంకొంచెం వెనక్కి వేస్తే, కమాను తగిలించే బ్రాకెట్ దగ్గర ఛాసిస్‌కి రెండు వైపులా ప్లేట్లు పెట్టి వెల్డింగ్ చేసి, పైన నల్ల పెయింట్ కొట్టి ఉంది. ఒక ప్లేటు పక్కన వెంట్రుకంత చీలిక కొత్తగా బయలుదేరింది. భియా చేత్తో తడిమి చూశాడు. పట్టీలు తీయించొచ్చు గానీ, అది మోసిన బరువుని ఎవరు తీస్తారు?

అమ్మేవాళ్లు 20,000 తగ్గిస్తామన్నారు. భియా ఏం మాట్లాడకుండా బయటికొచ్చేశాడు. ఒంగోలు దాకా బస్సులో నాతో ఒక్క మాట లేదు. ఇంటికెళ్లాక యాడి అడిగితే "వీడి చదువు నా బండిని మింగింది" అన్నాడు. యాడి కడియాలు మళ్లీ వేసుకోలేదు, బీరువాలో పెట్టింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అనవసరంగా వేలు పెట్టానేమో అనిపించింది.

నిన్న రాత్రి భియానే ఫోన్ చేశాడు. వినుకొండలో ఇంకో 407 ఉందట, ఆర్సీ ఫోటో కూడా పంపాడు. ఈసారి వెనక చక్రం దగ్గర కూర్చుని తనే కమాను పట్టీలు లెక్కపెట్టాడట. "ఎన్నుండాలో నాకు తెలీదు, శనివారం రా. టేపు మర్చిపోకు" అన్నాడు.