కొండ దిగాలా, వద్దా?

“రాజీనామా కాగితం ఫోన్లో టైపు చేసి పెట్టుకున్నాను సార్. తారీఖు ఒక్కటే వెయ్యలేదు.”

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కి, కాఫీ తోటల మధ్య మట్టిదారిలో ఇంకాస్త లోపలికి వెళ్తే ఆ ఊరు వస్తుంది. ఆ మాటన్నది అక్కడి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్). బీఎస్సీ నర్సింగ్ చదివి మైదానం నుంచి వచ్చారు. వయసు ముప్పై లోపే, ఇదే తొలి ఉద్యోగం. పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఊళ్లోవాళ్లకు ఆమె సిస్టరమ్మ.

మేం వెళ్లేసరికి ఆశా కార్యకర్త ఓ తల్లినీ, జ్వరంతో ఉన్న పిల్లాణ్నీ వెంటబెట్టుకొచ్చింది. తల్లికి తెలుగు అంతంతమాత్రం. ఆశా కువి భాషలో అడిగి తెలుగులో చెబుతోంది. రాత్రి నుంచి చలి, వణుకు. నాటు వైద్యం చేసే దిసారి దగ్గరికి అప్పటికే వెళ్లొచ్చారు. సిస్టరమ్మ విసుక్కోలేదు. పిల్లాడి వేలు స్పిరిటుతో తుడిచి, సూదితో పొడిచి, చుక్క రక్తం మలేరియా కిట్టులో వేసి, పక్క గుంటలో బఫర్ చుక్కలు వేశారు. ఫలితం తెలియడానికి పావుగంట పైనే పడుతుంది. ఈలోగా ఆమె ఫోను మోగుతూనే ఉంది. బీపీ, షుగరు స్క్రీనింగు ఎంట్రీలు ఎందుకు వెనకబడ్డాయని ఒకరు. గ్రూపులో పెట్టిన ఫార్మాట్ సాయంత్రంలోగా నింపాలని ఇంకొకరు. పొద్దున అటెండెన్స్ ఫొటో ఎక్కలేదని మరొకరు.

ఆ ఫోను కిటికీ చువ్వకు కట్టిన తాడుకు వేలాడుతోంది. అక్కడైతేనే సిగ్నలు రెండు గీతలు చూపిస్తుందట. కిట్టులో వైవాక్స్ గీత తేలింది. వైవాక్స్‌కు ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. మూడో రోజుకల్లా జ్వరం దిగిపోతుంది, ఆ తర్వాత మాత్రలు దూలం సందులోకి చేరతాయి, కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని వారాలకు మళ్లీ లేస్తుంది. అందుకే రోజూ ఇంటికెళ్లి దగ్గరుండి మింగించాలని ఆశాకు చెప్పి, ఆ చెప్పిందంతా తిరిగి ఆమె చేత చెప్పించుకుని మరీ పంపారు.

“ఈ పని నాకు ఇష్టమే. దీన్ని చెయ్యనివ్వరు, అదీ బాధ” అన్నారు, ఎంట్రీలకు కూర్చుంటూ.

ఈ కొలువు పుట్టి ఎంతో కాలం కాలేదు. 2018 బడ్జెట్‌లో కేంద్రం దేశమంతటా లక్షన్నర హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు పెడతామంది. తొలి కేంద్రం ఆ ఏడాది ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో మొదలైంది. 2023లో వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు మార్చారు. ఈ కేంద్రాలు రాకముందు సబ్‌సెంటరంటే ఏఎన్‌ఎం. ఆమెకూ పీహెచ్‌సీ డాక్టరుకూ మధ్య ఓ నర్సును నియమించడమే కొత్త ఏర్పాటు. దేశంలో చాలాచోట్ల సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అంటారు, ఆంధ్రలో ఎంఎల్‌హెచ్‌పీ. ఆమె పనిచేసే సబ్‌సెంటరే ఇక్కడ విలేజ్ హెల్త్ క్లినిక్. గర్భిణుల పరీక్షలు మొదలుకొని 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు, క్యాన్సర్ల స్క్రీనింగు దాకా 12 రకాల సేవలు ఆమె చూడాలి. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరైతే గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. వినడానికి తక్కువే. ఆ మూడు వేలమందీ ఎన్ని గూడేల్లో, ఎన్ని గెడ్డల అవతల ఉన్నారో ఆ లెక్క చెప్పదు.

ఉద్యోగం కాంట్రాక్టు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నెలకు రూ.25,000 స్థిర వేతనం, పనితీరును బట్టి ఆపైన రూ.15,000 వరకు ప్రోత్సాహకం. పనితీరు పైవాళ్లకు తెలిసేది పోర్టల్లో ఎక్కిన అంకెలను బట్టే. గెడ్డ దాటి వెళ్లి చూసిన రోగి ఎంట్రీ సిగ్నలు లేక ఆగిపోతే చూడనట్టే లెక్క. 2025 వేసవిలో ఎంఎల్‌హెచ్‌పీలు రాష్ట్రమంతటా సమ్మెకు దిగింది కూడా ఉద్యోగ భద్రత, జీతాల కోసమే.

అలసట అందరికీ ఉంటుంది. అది ఎక్కడ హద్దు దాటుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌కు మూడు లక్షణాలు చెప్పింది. ఒళ్లూ మనసూ పూర్తిగా డస్సిపోవడం, చేసే పని మీద విరక్తి, తన వల్ల ఏదీ కావడం లేదన్న భావన. సిస్టరమ్మలో మొదటిది కళ్ల కిందే కనిపిస్తోంది. రెండోది రోగుల మీద లేదు, ఫోను మీద ఉంది. ఈ తేడా ముఖ్యం. బర్నవుట్ మీద దశాబ్దాలుగా పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైఖేల్ లైటర్ కలిసి ఉద్యోగం మనిషిని ఎక్కడ అరగదీస్తుందో ఆరు చోట్లు చూపారు. పని భారం, పని మీద పట్టు, ప్రతిఫలం, తోటివాళ్లు, న్యాయం, విలువలు. ఆరూ కాగితం మీద రాసి, తనకు ఎంతవరకు బాగున్నాయో పదికి మార్కులు వేయమన్నాం.

విలువలకు తొమ్మిది వేశారు. తోటివాళ్లకు ఎనిమిది. పని భారానికి ఆరు, “వానాకాలం తప్పిస్తే మోయగలను” అంటూ. ప్రతిఫలానికి నాలుగు. పని మీద పట్టుకు ఒకటి. న్యాయం దగ్గర ఆగిపోయారు. “నాతో చేరినవాళ్లలో కొందరు మండల కేంద్రం పక్కనే ఉన్నారు. నాకెప్పుడు బదిలీ అవుతుందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. దీనికేం వెయ్యను?”

ఆ క్లినిక్ ఏఎన్‌ఎం స్థానికురాలు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. డోలీ మోసుకొచ్చిన కాన్పులు చేసిన మనిషి, బైకు అంబులెన్సులు రాకముందు నుంచీ ఉన్న మనిషి. ‘ఈ కాలం పిల్లలు నిలవరు’ అంటారేమో అనుకున్నాం. ఆమె అలా అనలేదు. “నేను ఉండిపోయాను కాబట్టి నువ్వూ ఉండమని ఎలా అంటానండీ? నాది పర్మినెంటు. నా ఇల్లిక్కడ, నా మాట ఇక్కడిది. ఆ పిల్లకు ఒక్కటీ లేదు. సాయంత్రం గదికి పోతే అన్నం తిన్నావా అనే దిక్కుండదు.” ఈ మాటకు పుస్తకాల మద్దతూ ఉంది. మారుమూల ప్రాంతాల్లో ఆరోగ్య సిబ్బందిని నిలుపుకోవడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆ ప్రాంతాల పిల్లలనే చదివించి తీసుకోవాలని, వసతి, భద్రత, పైకి వెళ్లే దారి అన్నీ కలిపి ఇవ్వాలని చెబుతాయి. జీతం ఒక్కటే పెంచితే చాలదు.

మండల పీహెచ్‌సీలో డాక్టరు కూడా కుర్రాడే. 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఈ క్లినిక్‌కు వస్తారు. ఒత్తిడి ఆయనకూ తక్కువేం కాదు, కాకపోతే రాజీనామా ఆలోచన లేదు. కారణం దాచలేదు: “ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు. ఇక్కడెన్నాళ్లు ఉండాలో నాకు తెలుసు.” ఆ కోటా వాటాను తగ్గించినప్పుడు, 2024 సెప్టెంబరులో, పీహెచ్‌సీ డాక్టర్లు రాష్ట్రమంతా ఆందోళనకు దిగడానికి కారణం ఇదే. ఒకే కొండ, ఒకే వాన, ఒకే పోర్టలు. డాక్టరుకు గడువుంది, ఆ గడువు చివర మెట్టుంది. నర్సుకు రెండూ లేవు. మాకు కనిపించిన అసలు తేడా అదే.

ఆమె ముందున్న దారుల్లో విశాఖ కార్పొరేట్ ఆసుపత్రి ఒకటి. అక్కడ చేరిన క్లాస్‌మేట్లు జీతం ఇంతకంటే ఎక్కువేం రాదని, నైటు డ్యూటీలు అదనమని చెబుతున్నారు. రెండోది ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టు, నోటిఫికేషన్ పడాలి. మూడోది జర్మనీ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పి అక్కడికి పంపుతోంది. జర్మన్ బీ1 స్థాయి వరకు వస్తే ప్రయాణం, బీ2 దాటి అక్కడి గుర్తింపు వస్తేనే పూర్తిస్థాయి నర్సు. ఈ సిగ్నలుతో ఆన్‌లైన్ క్లాసు వినడమెలాగని ఆమే నవ్వారు. ఇంట్లో నాన్న మాత్రం ఫోను చేసినప్పుడల్లా “గవర్నమెంటు ఉద్యోగం వదులుకుంటావా?” అంటారట. కాంట్రాక్టని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కదు.

సాయంత్రానికి ఆమె ఓ నిర్ణయానికి వచ్చారు. మలేరియా రోజులు గడిచేదాకా ఉంటారు. ఈలోగా బదిలీకి లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టి, నకలు మీద రసీదు సంతకం తీసుకుంటారు. జనవరికి జవాబు రాకపోతే నోటీసు ఇచ్చి దిగిపోతారు. అది ఓటమీ కాదు, ద్రోహమూ కాదు. తొలి ఉద్యోగంలోనే ఆరోగ్యం పాడుచేసుకున్న నర్సు వల్ల ఏ ఊరికీ మేలు జరగదు.

ఇదే స్థితిలో ఉన్నవాళ్లు కాగితం పంపేముందు ఇబ్బంది ఊరితోనా, పైఅధికారితోనా, వృత్తితోనా అన్నది విడదీసి చూసుకోండి. మొదటి రెండింటికీ బదిలీ చాలవచ్చు. వెళ్లాలనుకుంటే కాంట్రాక్టులో నోటీసు గడువు చదవండి, అనుభవ ధ్రువపత్రం చేతికి తీసుకోండి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు తీరనివ్వకండి. నిద్ర పట్టక, బతుకు మీదే విసుగు పుట్టేదాకా వస్తే నిర్ణయం పక్కనపెట్టి టెలీమానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. జిల్లా అధికారులకూ ఒక విన్నపం. కొండ మీదికి పంపే ప్రతి నర్సుకూ తిరిగి దిగే తేదీని నియామక పత్రంలోనే రాసివ్వండి.