అనంతగిరి మంచులో ఒక ఉదయం

నమాజు ప్రారంభంలో దైవప్రవక్త (స) చేసిన దుఆ ఒకటి సహీహ్ బుఖారీలో ఉంది. తన తప్పులను నీటితోనూ, మంచుతోనూ, వడగళ్ళతోనూ కడిగివేయమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. క్రిందటి శీతాకాలంలో ఆ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి, "ఉస్తాద్, మీరు మంచును చూశారా?" అని అడిగాడు. మేము నవ్వి ఊరుకున్నాము. ముప్పై ఏళ్ళుగా ఆ హదీసును బోధిస్తున్నాము. మంచును మాత్రం చూడలేదు.

మన తెలుగులో ఆకాశం నుండి కురిసే హిమానికీ, నేలపై కమ్ముకునే పొగమంచుకూ ‘మంచు’ అనే మాటే చెల్లుతుంది. మొదటిది మనకు అందకపోయినా, రెండవదానినైనా కొండపై కళ్ళారా చూద్దామనిపించింది. మా అబ్బాయి గేర్ల సైకిలు తీసుకుని, ఒక గురువారం ఫజ్ర్ నమాజు తరువాత బషీర్‌బాగ్ నుండి బయలుదేరాము. "అబ్బాయిని వెంట తీసుకువెళ్ళండి" అని మా ఇంటావిడ అన్నది. మేము వినలేదు. ఒంటరి ప్రయాణంలో ఏమున్నదో జనులకు తెలిస్తే, ఏ రౌతూ రాత్రివేళ ఒంటరిగా కదలడని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఆ హదీసూ మేము బోధించేదే. అయితే అందులో రాత్రి అని ఉన్నది, మనం పగలు కదా వెళుతున్నది అని మనసుకు సర్దిచెప్పుకున్నాము.

మా పేటకు ఆ పేరు నవాబ్ ఆస్మాన్ జా బషీరుద్దౌలా వలన వచ్చింది. వికారాబాద్‌కు ఆ పేరు నవాబ్ వికారుల్ ఉమ్రా వలన వచ్చింది. ఇద్దరూ పాయిగా వంశీయులే. ఒకరి తరువాత ఒకరు నిజాం రాజ్యానికి ప్రధానమంత్రులైనవారే. ఒకరి తోట నుండి మరొకరి ఊరికి సుమారు 75 కిలోమీటర్లు. లంగర్‌హౌస్ దాటి, మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా సాగిన ఆ దారిలో వందలాది మర్రిచెట్లు ఇరువైపులా గొడుగు పట్టాయి. ఆ రాత్రి వికారాబాద్‌లో ఒక మిత్రుని ఇంట బస చేశాము.

శుక్రవారం ఫజ్ర్ తరువాత, మిత్రుణ్ణి శ్రమపెట్టడమెందుకని ఎవరికీ చెప్పకుండా అనంతగిరి కొండకు బయలుదేరాము. మన మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. 1908లో నగరాన్ని ముంచినదీ, ఆ తరువాత ఉస్మాన్‌సాగర్‌లో నిలిచి నగరానికి తాగునీరై అందినదీ ఆ నది నీరే. ఎక్కేకొద్దీ మంచు చిక్కబడింది. ముందు చక్రం కూడా సరిగా కనిపించలేదు. మా ఊపిరి తప్ప మరో శబ్దం లేదు. ఆ నిశ్శబ్దంలో చేసిన జిక్ర్ రుచి ఇప్పటికీ మరువలేదు.

దిగేటప్పుడు ఒక మట్టిబాట పట్టాము. తడి ఆకులపై చక్రం జారింది. మోకాలు రాతికి తగిలింది, లేవలేకపోయాము. ఫోనుకు సిగ్నల్ లేదు. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో లోపలి నూలు బట్టలు తడిసి ఉన్నాయి. తడిబట్ట ఒంటి వేడిని లాగివేస్తుంది గనుక కాసేపటికే వణుకు పట్టింది. పగలే అయినా, ఆ మంచులో పిలిస్తే పలికేవారు లేని మాకు అది రాత్రే అయింది. మేము తప్పించుకున్నామనుకున్న హదీసు మమ్మల్ని అక్కడ పట్టుకుంది.

గంట సేపటికి మేకలు తోలుకుంటూ ఒక వృద్ధుడు వచ్చాడు. తన గొంగడి మాకు కప్పి, "ఒక్కరే వచ్చిండ్రా సాబ్? ఇంట్ల చెప్పొచ్చిండ్రా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆయన భుజం పట్టుకునే రోడ్డు చేరాము. ఆనాటి జుమా నమాజు కుర్చీలో కూర్చుని చేశాము. ఫోను పలికే చోటికి వచ్చేసరికి మా ఇంటి నుండి పదకొండు పిలుపులు వచ్చి ఉన్నాయి.

స్కాట్లాండులో చెట్లు లేని ఎత్తైన బీడునేలలు శీతాకాలంలో నిజమైన మంచు కప్పుకుంటాయి. వాటిని సైకిలుపై ఒంటరిగా దాటేవారున్నారు. అక్కడి పర్వత రక్షక దళాలు వారికి చెప్పే మాట కూడా ఆ మేకల కాపరి అడిగినదే: ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒకరికి చెప్పి వెళ్ళండి.

ఏకాంతం చెడ్డదని మేము అనడం లేదు. దైవప్రవక్త (స) హిరా గుహలో ఏకాంతంగా గడిపారు. కాని ఆయన ఆహారం మూట కట్టుకుని వెళ్ళేవారు. అది అయిపోతే హజ్రత్ ఖదీజా (రజి) వద్దకు తిరిగివచ్చి మళ్ళీ తీసుకువెళ్ళేవారు. ఆయన ఎక్కడున్నారో ఇంట్లో తెలుసు. మాది అటువంటి ఏకాంతం కాదు. మమ్మల్ని ప్రేమించేవారికి మా జాడ దాచిన మొండితనం.

శనివారం కట్టుకట్టిన మోకాలితోనే తరగతికి వెళ్ళి, ఆ విద్యార్థికి మంచు సంగతి చెప్పాము. ఆ తరువాత రెండవ హదీసును మళ్ళీ మొదటి నుండి చదివించాము. ఈ శీతాకాలం కూడా అనంతగిరికి వెళ్ళాలని ఉంది, ఇన్‌షా అల్లాహ్. మా అబ్బాయి తనకొక సైకిలు అప్పుడే అడిగి తెచ్చుకున్నాడు.