చూసి చెప్తం

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు టీ తాగి, కారప్పూస తిని, పిల్ల చేత రెండు మాటలు పలికించి, గుమ్మంలో చెప్పులేసుకుంటూ అనే మాట మీకందరికీ తెలిసిందే: "ఇంటికి పోయి కబురు చేస్తం." ఆ కబురు కోసం ఆడపిల్ల తండ్రి ఎన్నాళ్ళు పోస్టుమాన్ వంక చూడాలో ఏ పంచాంగంలోనూ రాసి ఉండదు. నన్ను చూసి వెళ్ళినవాళ్ళు నలుగురైతే కబురు చేసింది ఒక్కరే. అదీ జాతకాలు కుదరలేదని. మా నాన్న మాత్రం ఎవరినీ వెళ్ళి అడిగేవారు కారు. "మనంతట మనం అడిగితే అలుసైపోతం" అనేవారు.

అటువంటి ఇంట్లోంచి వచ్చిన నేను ఇప్పుడు చేసే పనేమిటో తెలుసాండీ? రోజూ పొద్దున పది గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చుని, "మీరు కొటేషన్ తీసుకుపోయిండ్రు, ఏమనుకున్నరు?" అని ఊళ్ళోవాళ్ళనందరినీ అడగడం.

కల్వకుర్తిలో మాకు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు, రేకుల షెడ్లు చేస్తాం. 2016లో జిల్లాలు మార్చినప్పుడు మేం మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాంగానీ, ఎవరడిగినా పాలమూరోళ్ళమనే చెప్పుకుంటాం. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లి గట్టు, మూడుచోట్ల ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు కాలువల్లోకి వచ్చాక ఈ చుట్టుపక్కల ఇళ్ళు కట్టేవాళ్ళు పెరిగారు. ఇల్లు లేచిందంటే గేటు కావాలి, గేటంటే మా షాపుకు రావాలి. వస్తారు కూడా. మా ఆయన టేపు పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళి కొలతలు తీసుకుంటాడు. పన్నెండు ఎం.ఎం. చదరపు కడ్డీ మీటరుకు సుమారు కిలో 130 గ్రాములు తూగుతుంది. ఎన్ని మీటర్లు, ఎన్ని కిలోలు, మజూరీ ఎంత, రెడ్ ఆక్సైడ్ పూత ఎంత అని లెక్కకట్టి కార్బన్ కాగితం పెట్టి రాసిస్తాడు. ఇనుము మీద నూటికి 18 రూపాయలు జీఎస్టీ అనేసరికి సగంమంది ముఖాలు పాలిపోతాయి. మిగతా సగంమంది కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని "మంచిది, చూసి చెప్తం" అని వెళ్ళిపోతారు.

అంతే. మళ్ళీ కనిపించరు.

"ఒకసారి ఫోన్ చేసి అడగరాదూ?" అని నేనంటే మా ఆయన ససేమిరా అనేవాడు. "పని నచ్చితే వాళ్ళే వస్తరు. మనం పోయి అడిగితే పని లేక ఈగలు కొట్టుకుంటున్నరనుకుంటరు." మా నాన్న మాటే! ఒక అడగని ఇంట్లోంచి ఇంకో అడగని ఇంట్లోకి కోడలిగా వచ్చానన్నమాట.

ఆ కోడలిగా రావడం మాత్రం అడగబట్టే జరిగింది. మా సంబంధం వాళ్ళు చూసి వెళ్ళి రెండు నెలలైనా మాట లేదు. ఒకనాడు మా మేనమామకు బస్టాండులో మా మామగారు ఎదురుపడితే, ఆయన నోరాగక "మా పిల్ల సంగతేమాయె బావా?" అనేశాడు. మా మామగారు విస్తుపోయి, "మీరే ఏం మాట్లాడకపోతిరి, మీకే ఇష్టం లేదనుకుంటిమి" అన్నారట. ఈ కథ మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా, "అది వేరే, ఇది వేరే" అంటాడు. ఏం వేరో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, అదలా ఉంచండి. 2022 జనవరిలో ఒకాయన తన పొలం దగ్గర రేకుల షెడ్డుకు కొటేషన్ రాయించుకున్నాడు. పదిహేను వందల కిలోల ఇనుము పట్టే పని. కాగితం పట్టుకుపోయిన మనిషి ఫిబ్రవరిలో రాలేదు, మార్చిలో రాలేదు. ఈలోగా ఎక్కడో యుక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. అక్కడి యుద్ధానికీ ఇక్కడి కడ్డీకీ ఏమిటి సంబంధమని మీరంటారేమో. నేనూ అట్లాగే అనుకున్నాను. బొగ్గు పెరిగింది, దాంతో ఉక్కు పెరిగింది. ఏప్రిల్ నాటికి మేం సరుకు తెచ్చే దుకాణంలో కిలోకు పదిహేను రూపాయల దాకా ఎక్కువైంది. సరిగ్గా అప్పుడు ఆ పెద్దమనిషి జనవరి కాగితం జేబులోంచి తీసి, మడతలు విప్పి బల్లమీద పెట్టాడు. "ఇగో, నీ చేతి రాతే గదా!"

చేతి రాతే. మా ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆ పాత ధరకే షెడ్డు లేపి ఇచ్చాడు. ఇరవైరెండు వేల అయిదు వందలు మా నెత్తిన పడ్డాయి. మజూరీ సమస్తం అందులోనే కొట్టుకుపోయింది. ఆ నెలలోనే మా అమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు ఫీజు కట్టాలి. నా చేతి గాజులు రెండూ తీసి తాకట్టు పెట్టి కట్టాం. మే నెలలో ప్రభుత్వం ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేశాక ధరలు దిగివచ్చాయనుకోండి. షెడ్డు మాత్రం అప్పటికే నిలబడి ఉంది.

గాజులు లేని చేతులతో ఆ రాత్రి కొటేషన్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. కార్బన్ కాపీలు ఒక్కొక్కటే తిప్పాను. నలభై ఒక్క కాగితాలు. తొమ్మిది పనులయ్యాయి. అయిదుగురు వద్దన్నారు. తక్కిన ఇరవై ఏడుగురూ ఔననలేదు, కాదనలేదు. ఒక్కో కొలతకు పెట్రోలు, సగం పూట పని. ఆ ఇరవై ఏడుగురిలో ఎవరు ఎప్పుడు పాత కాగితం తెచ్చి బల్లమీద పెడతారోనని నాకు నిద్ర పట్టలేదు.

సెలవులకు వచ్చిన మా అమ్మాయి, స్నేహితురాలి లా పుస్తకం చూసి చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే దీనికి దారి ఉందట. ఇన్నాళ్ళలోగా ఒప్పుకోవాలని మనం గడువు పెడితే ఆ గడువుతో మన మాట తీరిపోతుంది. పెట్టకపోతే సమంజసమైన కాలం దాటాక తీరిపోతుంది. సమంజసమంటే ఎంత? అది కోర్టులో తేలాలి. రేకుల షెడ్డు కోసం కోర్టుకెవరు పోతారు! మర్నాడే రబ్బరు ముద్ర చేయించాను: "ఈ ధర 15 రోజుల వరకే." వెనక్కి తగ్గని మా ఆయన కూడా ముద్ర చూసి ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకుని ఫోన్ కూడా నేనే అందుకున్నాను.

మొదటిరోజు గొంతు పెగల్లేదు. "నేను... వెల్డింగ్ షాపు నుంచి..." అనేసరికి అవతలివాళ్ళు బాకీ అడుగుతున్నాననుకుని "పైసలు మొన్ననే ఇచ్చినం గదమ్మా" అన్నారు. నెమ్మదిగా తెలిసిందేమిటంటే, మనవాళ్ళు చెప్పే సాకులన్నీ సాకులు కావు. "ఆషాఢం పోనీ" అంటే నిజంగానే ఆషాఢం పోవాలి. "మూఢం ఉంది" అంటే గృహప్రవేశం ఆగింది, గృహప్రవేశం ఆగితే గేటూ ఆగింది. పత్తి పండించేవాళ్ళను దసరాకు ముందు అడిగి లాభం లేదు, పత్తి అమ్మాక అడగాలి. యాసంగి పల్లికాయ వాళ్ళను ఉగాది ముందూ వెనకా. ఇందిరమ్మ ఇళ్ళ వాళ్ళ లెక్క ఇంకోటి. 2024 మార్చిలో మొదలుపెట్టిన ఆ పథకంలో అయిదు లక్షలూ ఒకేసారి రావు. పునాదికింత, స్లాబుకింత అని విడతలుగా పడతాయి. స్లాబు బిల్లు పడకముందు కిటికీ గ్రిల్లు మాట ఎత్తితే వాళ్ళకూ బాధే, మనకూ బాధే. ఇవన్నీ వంటింటి క్యాలెండరు మీదే రాసుకున్నాను, పాలవాడి లెక్క పక్కన.

అతి చేసి పోగొట్టుకున్నదీ ఉంది. ఒక పంతులుగారికి వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాను. అయిదోసారి ఆయన, "కొటేషన్ అడిగిన పాపానికి మీకు అప్పు పడ్డట్టుందే అమ్మా!" అని పెట్టేశారు. గేటు వేరే షాపులో చేయించుకున్నారు. ఇప్పటికీ ఆ వీధిలో వెళితే ఆ గేటుకేసి చూడను. చూసినా, మా ఆయన అతుకులంత బాగా లేవు లెండి.

మార్చాల వైపునుంచి వచ్చిన ఒక పెద్దమ్మ సంగతి చెప్పాలి. కొత్త ఇంటికి బయటినుంచి డాబామీదికి మెట్లు. రెయిలింగు కావాలంది. మా ఆయన వెళ్ళి కొలిచి, పువ్వుల డిజైనుతో ఇరవై ఒక్క వెయ్యి ఆరు వందలకు రాసిచ్చాడు. "చూసి చెప్త బిడ్డా" అంది. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఇచ్చిన నంబరు హైదరాబాదులో ఉండే కొడుకుది. అతను "అమ్మనే అడుగుండ్రి" అంటాడు. ఆ పక్క ఊళ్ళో పేరంటానికి వెళ్ళినప్పుడు నేనే ఆటో ఎక్కి ఆ ఇంటికి పోయాను.

నన్ను చూడగానే ఆమె ముఖం చిన్నబోయింది. మెట్ల పక్కన నాలుగు కర్రలు పాతి, బట్టలారేసుకునే తాడు కట్టి ఉంది. దాన్ని పట్టుకునే మిరపకాయల గంప డాబామీదికి తీసుకుపోతోందట, అరవై దాటిన మనిషి. మా కాగితం దేవుడి పటం వెనక భద్రంగా ఉంది.

"గన్ని పైసలు నా తాన లేవు బిడ్డా" అంది మెల్లగా. "వద్దని చెప్దామంటె, ఎండల బండేసుకుని వచ్చి కొలతలు తీసుకపోయిండు, మీ పొట్ట మీద కొట్టినట్టయితదని చెప్పలేకపోతి. సంతకొచ్చినా మీ షాపు ముంగట నుంచి పోతలేను. వెనక గల్లీల నుంచి పోతున్న."

నేను మాట్లాడలేకపోయాను. మా దగ్గర ధర ఎక్కువనో, పనితనం తక్కువనో అనుకున్నవాళ్ళుంటారని తెలుసు. మా ముఖం చూడలేక మోకాళ్ళ నొప్పులతో వెనక గల్లీ తిరిగి పోయేవాళ్ళు కూడా ఆ ఇరవై ఏడుగురిలో ఉంటారని ఎప్పుడైనా అనుకున్నానా?

"పువ్వులెందుకు పెద్దమ్మా, నీకు పట్టుకోను ఏదైనా ఒకటి ఉంటే చాలు గదా?" అన్నాను.

"గంతే బిడ్డా! పడకుంటుంటె చాలు. పువ్వులు నేను అడగనే లేదు."

అడగలేదు నిజమే. మేమూ ఆమెను, నువ్వెంత పెట్టగలవని అడగలేదు. అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. ఇంచున్నర పైపు ఒక్కటి, కింద ఆరు నిలువులు, ఎర్ర పూత. మా ఆయన కాసేపు గొణిగి ఆరువేల ఎనిమిది వందలన్నాడు. మూడువేలు ముందు, తక్కినవి పల్లికాయ అమ్మాక. తరువాతి బుధవారం పోయి బిగించి వచ్చాడు. ఆమె మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగిందట. బాకీలో ఇంకా అయిదు వందలు రావాలి. షాపు ముందునుంచే పోతూ, "ఇస్త బిడ్డా, యాదికున్నది" అని చెప్పి మరీ పోతోంది.

ఇంతవరకూ రాసి ఊరుకుంటే బాగుండేది. కానీ మీ దగ్గర దాపరికమెందుకు? కిందటేడు మా వంటింట్లో అలమరలు చేయించాలని ఒక వడ్లాయన్ని పిలిచాను. ఆయన వచ్చి కొలిచి, ముప్పై నాలుగు వేలని చెప్పాడు. "మా ఆయన్నడిగి చెప్త అన్నా" అన్నాను. తరువాత మా అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చింది, అలమరల మాట మూలపడింది. అప్పట్నుంచీ కూరగాయలకు ఆయన దుకాణం ఉన్న గల్లీలోంచి వెళ్ళడం మానేశాను. ఆ మాట పెద్దమ్మ ఇంటినుంచి తిరిగి వస్తుంటే ఆటోలో గుర్తొచ్చింది.

మర్నాడు ధైర్యం చేసి వెళ్ళాను. "అన్నా, ఇప్పట్ల అలమరలు చేయించలేను. ఎప్పుడో చెప్పాల్సింది" అన్నాను. ఆయన రంపం ఆపి నవ్వాడు. "గిదే మాట ఆనాడే చెప్తె అయిపోవు గదమ్మా! నీకోసమని రెండు ప్లైవుడ్ షీట్లు తెచ్చి పక్కకు పెట్టుకున్న." గోడకు ఆనించి ఉన్నాయి, దుమ్ము పట్టి.

చెవిమీది పెన్సిల్ తీసి, గోడమీద రాసుకున్న పేర్లలో నా పేరు కొట్టేశాడు. కింద ఇంకో పదకొండు పేర్లున్నాయి. వాటిలో మూడు మా వీధివాళ్ళవే.