సాఖీ మా చిచ్చా

ఆ మధ్య మా పత్రిక ఆదివారం సంచికకు కాక్‌టెయిల్స్ పుట్టుపూర్వోత్తరాల మీద పెద్ద వ్యాసం కావాలన్నారు. మీటింగ్‌లో పదిమందిమి ఉన్నాం. సాయంత్రమైతే గ్లాసు పట్టేవాళ్లు అందులో ఏడెనిమిది మందికి తక్కువ ఉండరు. అయినా పని మా మీద పడింది. "భాయ్, నవాబుల సంగతులు మీకు తెలిసినట్టు మాకెవరికి తెలుస్తాయి? పైగా మీరుండేది ఎర్రమంజిల్ పక్కనేనాయె" అన్నారు పెద్దాయన. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. నవ్వకపోతే వీళ్లకి హాస్యం కూడా పట్టదంటారని నవ్వాం.

(మేం అంటే ఎంతమందని అడక్కండి. మా ఇంటి ఉర్దూలో ఒక్కడున్నా ‘హమ్’, పదిమంది ఉన్నా ‘హమ్’. తెలుగు రాసేటప్పుడు కూడా ఆ అలవాటు పోలేదు.)

మేం తాగం. ఈ ఒక్క ముక్కా చెప్పడానికి ఇరవై ఏళ్లుగా ఎన్ని సంజాయిషీలు ఇచ్చుకున్నామో లెక్కలేదు. పక్క కుర్చీలో బ్రాహ్మణ మిత్రుడు తాగకపోతే అది ఆరోగ్యం మీద శ్రద్ధ. మేం తాగకపోతే ఛాందసం. మొహమాటపడి ఒక్క గుక్క వేస్తే మాత్రం "మీవాడు చాలా ప్రోగ్రెసివ్" అని భుజం తడతారు. మా సెక్యులరిజాన్ని పెగ్గుల్లో కొలిచే ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు. అటు మా గల్లీలోనేమో విలేఖరి అనగానే నోరు వాసన చూస్తారు.

నవాబుల విషయానికొస్తే, ఖైరతాబాద్ నుంచి పంజగుట్టకు పోయే దారిలో గుట్ట మీద ఫఖ్రుల్ముల్క్ కట్టించిన మహల్ ఉంది. 1870 ప్రాంతంలో కట్టింది, నూట యాభై దాకా గదులు. ‘ఇరమ్’ అంటే స్వర్గంలాంటి తోట. ఆ గుట్టను జనం ఎర్రగుట్ట అనేవారనీ, ఇరమ్ అని పెడితే వాళ్ల నోట్లో ‘ఎర్రం’గా తిరుగుతుందని నవాబు కావాలనే ఆ పేరు ఎంచుకున్నాడనీ చెప్పుకుంటారు. ఫార్సీలో స్వర్గం, తెలుగులో ఎరుపు, రెండూ ఒక్క పేరులో కలిశాయి. తర్వాత ఆ భవనం సర్కారుదయింది, ఇంజనీర్ల ఆఫీసులొచ్చాయి. 2019లో దాన్ని కూల్చి అసెంబ్లీ కడతామంటే, ఆ సెప్టెంబరులోనే హైకోర్టు కుదరదంది. ఇప్పుడు మెట్రో స్టేషన్‌కి కూడా ఆ పేరే. ఆ మహల్ విందుల్లో మావాళ్లెవరూ కూచోలేదు. మా దాదా టాంగా తోలాడు. విందుకొచ్చినవాళ్లను గేటు దగ్గర దించి, మళ్లీ ఎక్కించుకునేదాకా చలిలో గుర్రం పక్కన నిలబడి ఉండుంటాడు. నవాబులంటే మాకున్న పరిచయం అంతమటుకే.

సరే, ఒప్పుకున్నాక తప్పుతుందా? చదవడం మొదలుపెట్టాం. చదివేకొద్దీ తలుపు తీసిన ప్రతిచోటా మా ఇంటి మాటలే ఎదురొచ్చాయి. షర్బత్, శరాబ్, ఇంగ్లీషువాడి సిరప్, మూడిటికీ అరబ్బీలో ఒకటే ధాతువు, తాగడమని అర్థం. అమెరికావాళ్లు గుర్రప్పందేల రోజున పుదీనా వేసి తాగే ‘జూలెప్’ మరేమిటో కాదు, గులాబ్. పన్నీరు. ఆల్కహాల్ అంటే అల్ కుహ్ల్, అంటే సుర్మా. మెత్తగా నూరిన పొడికి పెట్టిన పేరు తిరిగి తిరిగి సారానికి అంటుకుంది. ఈద్ రోజు నమాజుకు ముందు మా అబ్బా కళ్లకు దిద్దుకునేదీ, శనివారం రాత్రి మా మిత్రుల గ్లాసులో ఉండేదీ ఒకే మాట. అరక్ అంటే చెమట. బట్టీలో ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా కారుతుంది కదా, అందుకని. యునానీ దవాఖానాలో కడుపునొప్పికిచ్చే సోంపు అర్ఖ్ కూడా అదే. బట్టీ పెట్టి పన్నీరూ అత్తరూ తీసే పని మీద అల్ కిందీ తొమ్మిదో శతాబ్దంలోనే పుస్తకం రాశాడు.

కాక్‌టెయిల్ అనే మాటకు అర్థం చెబుతూ 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రిక సారాయి, చక్కెర, నీళ్లు, చేదు కలిసిన పానీయమని రాసింది. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికా బార్‌మన్ మొట్టమొదటి కాక్‌టెయిళ్ల పుస్తకం వేశాడు. ఆ పుస్తకం మొదలయ్యేది కాక్‌టెయిల్‌తో కాదు, పంచ్‌తో. పంచ్ అంటే అయిదు అని ఎక్కువమంది ఒప్పుకునే మాట. సారాయి, నిమ్మకాయ, చక్కెర, నీళ్లు, మసాలా దినుసు. మన పంచామృతానికి దూరపు చుట్టం. మొదటిదాన్ని తీసేస్తే నవమి పందిట్లో పోసే పానకానికీ, పీర్ల పండుగ నాడు ఊరంతా కులం చూడకుండా తెచ్చే బెల్లం షర్బత్తుకూ దగ్గరి చుట్టం.

ఇక్కడే మేం కుర్చీలోంచి లేచినంత పనయింది. ఇంగ్లీషు రాతల్లో ఈ పంచ్ పేరు మొట్టమొదట కనిపించేది 1632 నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం వెళ్లింది లండన్‌కు కాదు. పెటపోలిలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వర్తకుడికి. పెటపోలి అంటే మన నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లా. 1611లోనే కంపెనీ ఓడ అక్కడికొచ్చింది. 1632 నాటికి ఆ తీరమంతా గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడి. అంటే లోకంలోని బార్లన్నిటికీ ముత్తాత లాంటి ఆ పానీయం తెలుగు గడ్డ మీద, ఒక ముసల్మాను సుల్తాను రాజ్యంలో తెల్లవాడి గ్లాసులోకి చేరి ఉంది. అరక్ అన్న మాట మాది. తాటిచెట్టెక్కి కల్లు గీసిన చెయ్యి గౌడన్నది. ఇంగ్లీషువాడి ‘టాడీ’ కూడా మన తాడిచెట్టు కల్లే. కలిపిందెవరో ఏ ఉత్తరంలోనూ లేదు.

కలిపినవాళ్ల పేర్లు ఉండవు. దొరల బంగళాల్లో ‘ఆబ్దార్’ అని ఒక నౌకరుండేవాడు. మంచు దొరకని రోజుల్లో నీళ్లలో సురేకారం కరిగించి అందులో సీసాలు తిప్పి చల్లబరచడం వాడి పని. అక్బరు కాలం నుంచీ ఉన్న విద్య. ఆబ్దార్, ఖాన్‌సామా, బేరర్ అన్నీ పనుల పేర్లే తప్ప మనుషుల పేర్లు కావు. ఒకే ఒక్క పేరు దొరికింది, అదీ పక్కదారిలో. జిన్‌లో టానిక్ కలిపి తాగే అలవాటు క్వినైన్ చలవ, క్వినైన్ మలేరియా చలవ. ఆ మలేరియా దోమలోకి చేరుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. బేగంపేటలో ఆ బంగళా ఇప్పటికీ ఉంది, ఎర్రమంజిల్‌కు కూతవేటు దూరం. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయి? హుసేన్‌ఖాన్ అనే జ్వరం రోగి రక్తం. దోమకు ఒక అణా చొప్పున ఎనిమిది అణాలు ఇచ్చారు. ఆ పేరు చదివి చాలాసేపు ఊరికే కూచున్నాం.

పుస్తకాల్లో లేనిది తెలుసుకోవాలంటే మాకు ఒకే ఒక్క గడప. మా చిచ్చా, అబ్బాకి తమ్ముడు. పంజగుట్ట దగ్గర ఒక హోటల్ బారులో 1979లో గ్లాసులు కడగడానికి చేరి, ఒక గోవా క్రైస్తవుడి దగ్గర పని నేర్చి, ముప్పై ఏళ్లు కాక్‌టెయిల్స్ కలిపాడు. ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ పైకి మాట్లాడుకోలేదు. సంబంధాలు చూడ్డానికొచ్చినవాళ్లకి ‘క్యాటరింగ్’ అని చెప్పేవాళ్లం.

అడిగితే మొదట "నక్కో బేటా, ఆ కథలు ఇప్పుడెందుకు" అన్నాడు. తర్వాత లోపలికెళ్లి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, నిమ్మకాయలు, ఐసు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. జిన్ బదులు మంచినీళ్లు. చేతులు వణుకుతున్నాయి గానీ డబ్బా పట్టుకోగానే ఆగిపోయాయి.

"నిమ్మరసం ఉంటే గట్టిగా ఆడించాలి. ఉట్టి మందులే అయితే ఆడించొద్దు, గరిటెతో నెమ్మదిగా తిప్పాలి. ఆడిస్తే గాలి కలిసి మబ్బు పడతది. ఐసు చల్లదనానికే అనుకుంటారు అందరూ. కాదు, నీళ్లకు. కరిగిన నీళ్లు సరిగ్గా కలవకపోతే అది కాక్‌టెయిల్ కాదు, మంట."

"ఎంత కరిగిందో ఎట్లా తెలుస్తుంది చిచ్చా?"

"విను." ఆడించాడు. మొదట గులకరాళ్ల చప్పుడు. తర్వాత చప్పుడు సన్నబడింది. డబ్బా మీద తెల్లగా మంచు పట్టి వేళ్లు అంటుకుంటున్నాయి. "బస్."

రుచి చూడకుండా పులుపూ తీపీ ఎట్లా కుదిరేదని అడిగాం. నిమ్మరసం, చక్కెర పాకం, నీళ్లు ముందు కలిపి, అరచేతి వెనక చుక్క వేసుకుని నాకేవాడట. అది కుదిరాకే కొలత ప్రకారం మందు. "పంచ్‌లో అయిదుంటే నాలుగు హలాలే కదా బేటా. ఆ నాలుగింటికీ నేను జిమ్మేదారు. అయిదోదానికి సీసా మీద రాసుంటది." నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లాకర్లో ఎప్పుడూ ఒక చొక్కా విడిగా పెట్టుకునేవాడట, నమాజుకు. ఒంటి మీదిదాని మీద చుక్కలు పడతాయి కదా.

శరాబు విషయంలో పదిమందిని శపించిన హదీసు ఉంది. పిండేవాడు, తాగేవాడు, మోసేవాడు, అమ్మేవాడు... వాళ్లలో పోసేవాడు కూడా ఉన్నాడు. పోసేవాడంటే సాఖీ. ఉర్దూ గజల్ అంతా ఎవరి చుట్టూ తిరుగుతుందో ఆ సాఖీ. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ చదివిన తెలుగువాళ్లక్కూడా తెలిసిన సాఖీ. సభల్లో సాఖీ అనగానే మా సెక్యులర్ మిత్రులు వాహ్వా అంటారు. సాఖీకి రాత్రి పన్నెండింటికి బస్సు దొరకదని, సాఖీ కూతురికి సంబంధం తప్పిపోయిందని ఏ గజల్లోనూ రాదు. హదీసు సంగతి చిచ్చాని అడగడానికి నోరు రాలేదు. ఆయనే అన్నాడు. "మౌల్వీసాబ్ చెప్పింది నిజమే. నేనెప్పుడూ కాదనలేదు. పిల్లల ఫీజు కట్టే రోజు మాత్రం ఎవరూ రాలేదు."

మధ్యలో రెండేళ్లు ఆయనకు సెలవొచ్చింది. దూబగుంట ఆడవాళ్లు 1992లో మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో సారా బందయింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ మొత్తం మద్యాన్నే ఆపేశాడు. బారుకు తాళం పడింది. మా దాదీమా చేతులెత్తి ఎన్టీఆర్‌కి దువా చేసింది. రెండు వారాల్లో రంజాన్. చిచ్చా పంజగుట్ట చౌరస్తాలో షర్బత్ బండి పెట్టాడు. మాకప్పుడు పద్నాలుగేళ్లు, గ్లాసులు కడిగాం. ఆ నెల ఆయన ముఖంలో ఉన్న కళ మళ్లీ మేం చూడలేదు. ఈద్ వెళ్లాక గిరాకీ పడిపోయింది, తర్వాత అప్పులు. 1997లో నిషేధం ఎత్తేశారు, హోటల్ నుంచి కబురొచ్చింది. చిచ్చా వెళ్లాడు. దాదీమా ఆ పూట అన్నం ముట్టలేదు, అలాగని వెళ్లొద్దనీ అనలేదు.

వ్యాసం రాసిచ్చాం. పెటపోలి ఉంచారు. జాగా చాలలేదని హుసేన్‌ఖాన్‌ని తీసేశారు. చిచ్చాని ఆయన పేరు లేకుండానే నాలుగు పేరాలు రాస్తే, "ఇది పర్సనల్ అయిపోయింది భాయ్" అని అవీ తీసేశారు. పైన రంగుల్లో బొమ్మ వేశారు. రూమీ టోపీ పెట్టి, చేతిలో గ్లాసు పట్టుకుని దిండుకానుకున్న నవాబు.

చిచ్చాకి పేపరు చూపించాం. తెలుగు చదవడం రాదు, బొమ్మే చూశాడు. "గ్లాసు తప్పు వేశారు బేటా, దీంట్లో పంచ్ పోయరు" అని తిరిగి ఇచ్చేశాడు.

మొన్న రంజాన్‌లో వాళ్లింట్లో ఇఫ్తార్‌కి పోయాం. అదే స్టీలు డబ్బా. నిమ్మ, చక్కెర, సబ్జా గింజలు, రెండు చుక్కల పన్నీరు. ఐసు వేసి మూతపెట్టి, చెవి దగ్గర పట్టుకుని ఆడించాడు. పిల్లలంతా మాటలాపి విన్నారు. అజాన్ అయింది. ఖర్జూరం నోట్లో వేసుకుని ముందు తనే ఒక గుక్క తాగాడు. చక్కెర తక్కువైందన్నాడు. రోజూ అదే అంటాడట.