పేరయ్యకు ఏటా సంభావన

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే మేడ మీద మిరపకాయలు తిరగేస్తుంటే హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను.

"నాన్నా, ఇంటి అగ్రిమెంటు అయిపోయింది. రెన్యువల్‌కి బ్రోకరు సగం నెల అద్దె అడుగుతున్నాడు. ఇవ్వమంటావా?"

"చేరేటప్పుడు ఇచ్చావు కదమ్మా?"

"అప్పుడు నెల అద్దె. 18,000."

"మరి ఇప్పుడేం చూపించాడంట?"

"ఏం చూపించలేదు. పాత కాగితంలో తేదీలు మార్చి, అద్దె దగ్గర ఇంకో 900 కలిపి వాట్సాప్‌లో పెట్టాడు."

తుమ్ములొచ్చాయి. మిరప ఘాటుకో, కోపానికో చెప్పలేను. పెళ్లిళ్ల పేరయ్య సంబంధం కుదిర్చాడు, సంభావన పుచ్చుకున్నాడు, బాగుంది. ఏడాది తిరిగాక పెళ్లిరోజు నాడు గుమ్మంలో నిలబడి, "మీ కాపురం ఇంకో ఏడు సాగాలంటే నా సంభావనలో సగం ఇవ్వండి" అంటే ఊళ్లో ఏమంటారు? ఆ మాటలు అచ్చులో రాయలేను గానీ, మీకు తెలుసు.

నేను మాస్టారుగా దర్శికి బదిలీ మీద వచ్చినప్పుడు బ్రోకరు అనే మాట ఎద్దులకీ పొలాలకీ తప్ప ఇళ్లకి వాడేవాళ్లు కాదు. బస్సు దిగి, టీ తాగుతూ, ఇల్లేమన్నా ఖాళీ ఉందా అని కొట్టాయన్ని అడిగాను. గ్లాసులు కడుగుతూనే ప్రశ్నలు మొదలెట్టాడు. పెళ్లయిందా, పిల్లలెంతమంది, నీచు తింటారా. నాలుగోది కాస్త గొంతు తగ్గించి, "మీరేమిట్లు సార్?" కులం చెబితే గాని వీధి పేరు చెప్పడు. ఆ ప్రశ్న మాత్రం ఏ అగ్రిమెంటూ, ఏ రెన్యువలూ లేకుండా ఇవాళ్టికీ సాగుతూనే ఉంది.

కురిచేడు రోడ్డులో ఇల్లు కుదిరింది. కమీషన్ రెండు టీలు, కొట్టాయనకొకటి, ఇంటాయనకొకటి. అడ్వాన్సు ఒక నెల. కాగితం ఊసే లేదు. మంచిరోజు చూసి పాలు పొంగించాం. ఇంటామె గిన్నెడు గోంగూర పచ్చడి పంపింది.

ఆ రోజులే రోజులని నిట్టూర్చకండి. మూడో ఏడు ఆషాఢంలో ఇంటాయన వచ్చి, "మావోడొస్తన్నాడు సార్, వారంలో ఖాళీ చేయాల" అన్నాడు. శూన్యమాసంలో కొత్త ఇంట్లో పాలు ఎవరు పొంగిస్తారు, ఎవరు పొంగించనిస్తారు? సామాన్లు ట్రాక్టరు ట్రక్కులో వేసి, దారిలో వానకి పరుపులు తడిసి, ఒక తోటి మాస్టారి వరండాలో నెల పైగా ఉన్నాం. నోటిమాట మీద కుదిరిన నెల అద్దెకైనా కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో ఉందని నాకప్పుడు తెలియదు. ఇంటాయనకీ తెలియదు. తెలిసినా ఆయన ఎదురుగా నిలబడి సెక్షన్ చదివేవాణ్ణి కాదనుకోండి, ఆయన పిల్లలిద్దరూ నా క్లాసులోనే ఉన్నారు.

అలాగని మధ్యవర్తి అంటే మాకు పడదని కాదు. ఇక్కడి మిరప గుంటూరు యార్డుకి పోతే కమీషన్ ఏజెంటు లేకుండా టిక్కీ, అంటే మిరప బస్తా, కదలదు. ఆయన్ని తిట్టని రైతూ లేడు, ఆయన దగ్గరికి పోని రైతూ లేడు. తిడితే తిట్టాం గానీ, సరుకు దించుకుంటాడు, కొనేవాళ్లకి చూపిస్తాడు, రేటు తెగ్గొడతాడు, కాటా దగ్గర నిలబడతాడు. పోయినేడు అమ్మిన కాయల మీద ఈ ఏడు కమీషన్ అడగడు. పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేసే దళారి కూడా ఎద్దు చేతులు మారిన రోజే తన పైకం తీసుకుని పోతాడు. ఆ ఎద్దు మరుసటేడు కూడా దున్నుతోంది కదా అని కొట్టం దగ్గరికి రాడు.

మరి ఇంటి బ్రోకరుకి ఈ ధైర్యం ఎక్కడిది? పదకొండు నెలల కాగితంలోంచి వచ్చింది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పకుండా రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఉంది. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ ఎందుకని మనవాళ్లు ఒక నెల కోసేశారు. దాంతో ప్రతి పదకొండు నెలలకీ ఒక గడువు, గడువు వచ్చినప్పుడల్లా అద్దెకున్నవాడి గుండెలో ఒక దడ. బ్రోకరు అమ్ముకునేది ఆ దడనే. "అగ్రిమెంటు లేదు కాబట్టి రేపు ఓనరు పొమ్మంటే పోవాల్సిందే మేడమ్" అన్నాడట మా అమ్మాయితో.

అది అబద్ధం. గడువు తీరాక కూడా ఓనరు అద్దె పుచ్చుకుంటుంటే, కాగితంలో అందుకు విరుద్ధంగా రాసుకోకపోతే, ఆ అద్దె నెలనెలా సాగుతున్నట్టే లెక్క. పొమ్మనాలంటే ముందు చెప్పిన 15 రోజుల నోటీసు ఉండాలి. ఇదీ ఆ 1882 చట్టంలోదే.

ఇక ఆ ఫీజు సంగతి. ఇంత తీసుకోవచ్చు, ఇంతకు మించి కూడదు అని బ్రోకరుకి హద్దు గీసిన చట్టం కోసం వెతికితే దొరకలేదు. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లను రిజిస్టర్ చేసుకోమంటుంది గానీ అది ప్రాజెక్టుల్లో ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టేవాళ్లకే, అద్దెకి కుదిర్చేవాడు ఆ లెక్కలోకి రాడు. మన ఉమ్మడి రాష్ట్రపు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఓనరు మీద బాగానే కన్నెర్ర చేసింది. నెల అద్దెకు మించి అడ్వాన్సు అడగొద్దంది, నీళ్లూ కరెంటూ కోసి వేధించొద్దంది. కానీ 2005లో ఒక సవరణ తెచ్చి, నగరపాలక సంస్థల్లో 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దె ఇళ్లను ఆ చట్టం నీడలోంచి తప్పించారు. రెండు వేలకి దర్శిలో ఇప్పుడు గేదెల కొట్టం వస్తుందేమో. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న నమూనా అద్దె చట్టం నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంది. నమూనా నమూనానే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. అందులోనూ బ్రోకరు ఫీజుకి కొలత లేదు.

ఇక మిగిలింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదంటుంది. మామూలు మాటల్లో, ఏం చేశావని డబ్బు? స్టాంపు కాగితం తెచ్చాడా, టైపు చేయించాడా, నోటరీ దగ్గర నిలబడ్డాడా, దానికి తగ్గది ఇవ్వాల్సిందే, కూలి ఎగ్గొట్టమని నేను చెప్పను. తేదీ మార్చినందుకు 9,000 అంటే మాత్రం కూలి కాదు.

మా అక్క కొడుకు లండన్‌లో, ఈస్ట్‌హామ్‌లో ఉంటాడు. ఈ గొడవ చెబితే నవ్వాడు. "మామయ్యా, ఇక్కడ రెన్యువల్ ఫీజు అడిగితే ఏజెంటే జరిమానా కట్టాలి" అన్నాడు. నిజమే. ఇంగ్లండులోనూ ఒకప్పుడు ఇదే తంతు. చేరితే ఫీజు, కాగితం తిరగరాస్తే ఫీజు. 2019 జూన్ 1 నుంచి కొత్త ఒప్పందాలకీ, మరుసటి ఏడాది అదే తేదీ నుంచి పాతవాటికీ వాటిని నిషేధించారు. మొదటిసారి తప్పు చేస్తే 5,000 పౌన్ల దాకా జరిమానా. 2025లో చేసిన ఇంకో చట్టమైతే 2026 మే 1 నుంచి గడువు ఒప్పందాలనే తీసేసి నెలనెలా సాగే అద్దెలుగా మార్చేసింది. గడువే లేకపోతే రెన్యువల్ ఏముంది? న్యూయార్క్ నగరం 2025 జూన్ 11 నుంచి ఇంకా సూటిగా చెప్పింది, బ్రోకర్ని పిలిచినవాడే బ్రోకరుకి ఇచ్చుకోవాలని. లండన్‌లో ఫీజు పోయినా అద్దె మండిపోతోందని మా వాడి ఏడుపు, అది వేరే సంగతి.

మా అమ్మాయికి ఒకటే చెప్పాను. కాగితం మొత్తం చదువు, రెన్యువల్ కమీషన్ మాట అందులో ఉందో లేదో చూడు. తర్వాత ఓనరుతో నేరుగా మాట్లాడు. పదకొండు నెలలు ఉన్నా ఆయనతో ఒక్కసారీ మాట్లాడలేదట, ఏం కావాలన్నా బ్రోకరే. అద్దె వేసే నంబరు మాత్రం ఆయనదే. దానికి ఫోను చేసింది.

ఆయన ఆశ్చర్యపోయాడు. "అదేంటమ్మా, నువ్వు ఖాళీ చేస్తానంటే సర్దిచెప్పి ఆపానని నా దగ్గర ఐదు వేలు తీసుకున్నాడే!"

రెండు వైపులా వాయించడం మద్దెలకే చెల్లిందనుకున్నాను. కాగితంలో కమీషన్ మాట లేదు. ఓనరూ మా అమ్మాయీ కలిసి స్టాంపు కాగితం కొని, టైపు చేయించుకుని, నోటరీ కొట్టించుకున్నారు. అంతా కలిపి 600, చెరి సగం. పెంచిన 900లో ఆయనే 400 తగ్గించాడు.

ఇంత చెప్పినవాణ్ణి, నేనూ ఓనర్నే. రిటైరయ్యాక పొదిలి రోడ్డు వైపు చిన్న మేడ కట్టుకున్నాం. పై పోర్షన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం అద్దెకుంటోంది. ఆ ఆదివారం అమ్మాయితో మాట్లాడి ఫోను జేబులో పెట్టుకుని చూస్తే, నేను మిరపకాయలు ఆరబోసింది వాళ్ల గుమ్మం ముందు. తలుపు మూసి ఉంది, లోపల చంటిపిల్ల దగ్గు. మెట్లెక్కేముందు చెప్పాలన్న ధ్యాస నాకెన్నడూ రాలేదు, నా మేడే కదా! ఇల్లు చూడ్డానికో, రిపేరుకో వెళ్లాలన్నా ఓనరు 24 గంటల ముందు చెప్పాలని ఆ నమూనా చట్టంలో చదివిన పెద్దమనిషిని నేనే.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. చేరిన కొత్తలో ఆ అబ్బాయి, "ఆఫీసులో పెట్టాలి అంకుల్, అద్దె రసీదులు ఇస్తారా?" అని రెండుసార్లు అడిగాడు. "రసీదులెందుకయ్యా, మనమీద మనకి నమ్మకం లేదా?" అని నవ్వేశాను. మూడోసారి అడగలేదు.

ఆ సాయంత్రం బజారుకెళ్లి రసీదు పుస్తకం కొన్నాను, 30 రూపాయలు. వెనకటి పది నెలలవీ వరసగా రాసి, సంతకాలు పెట్టి ఇచ్చాను. మిరపకాయలు మర్నాటి నుంచి కింద వాకిట్లో ఎండాయి.