తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళనాటి లాగ్ ఫైలు

నాలుగు అడుగుల గుర్తులు చూడ్డానికి పదమూడొందల కిలోమీటర్లు కారేసుకుని వెళ్ళేవాళ్ళుంటారా? ఉంటారండీ, మేం వెళ్ళాం.

ఎనిమిదేళ్ళ పిల్లాడున్న ఇంట్లో రాక్షసబల్లులదే రాజ్యం. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా మావాడికి బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూపించాల్సిందే. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లిలో దొరికిన ఎముకలవి. పోయినసారి దాని కింద నిలబడి, "నాన్నా, ఇది కదలదు కదా. పరిగెత్తింది ఎక్కడుంది?" అన్నాడు. ఎముకలు ఎక్కడ పరిగెత్తుతాయి? వెతగ్గా దొరికింది లార్క్ క్వారీ. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం నడిబొడ్డున, వింటన్ అనే చిన్న ఊరికి నైరుతిగా 110 కిలోమీటర్ల దూరంలో, తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళ క్రితం డైనోసార్లు పరిగెత్తిన చోటు.

మేముండేది బ్రిస్బేన్‌లో. జూలై సెలవుల్లో బయల్దేరాం. అక్కడ అది చలికాలం, ఎడారి ప్రాంతాలకి వెళ్ళాలంటే అదే అదను. మా ఆవిడ రైస్ కుక్కర్‌తో సహా వంటిల్లంతా డిక్కీలోకి సర్దేసింది. చీకటి పడ్డాక నడపొద్దని అందరూ మరీ మరీ చెప్పారు, కంగారూలు అడ్డం పడతాయట. ఎదురుగా వచ్చే రోడ్ ట్రైన్లు చూస్తే అంతకన్నా భయం. ఒకే లారీకి మూడేసి ట్రైలర్లు, యాభై మీటర్ల పైనే పొడవు! అది పక్కనుంచి పోతుంటే కారు ఊగిపోతుంది. మూడో రోజుకి వింటన్ చేరాం. క్వాంటాస్ విమాన సంస్థ 1920లో పుట్టింది ఈ ఊళ్ళోనే.

మర్నాడు పొద్దున్నే టాంకు నింపుకుని, నీళ్ళ డబ్బాలు పెట్టుకుని బయల్దేరాం. ఊరు దాటిన కాసేపటికే సెల్లు మూగబోయింది. కొంత దూరం తారు రోడ్డు, కొంత కంకర రోడ్డు. ఎర్రమట్టి, ముళ్ళగడ్డి దుబ్బులు, పైభాగం కత్తితో కోసేసినట్టు చదునుగా ఉన్న ఎర్ర కొండలు. దారి పొడుగునా పెట్రోలు బంకు లేదు, టీ కొట్టు లేదు. "ఇక్కడ టైరు పేలితే ఏంటండీ మన గతి?" అంది మా ఆవిడ. నేను వినపడనట్టు నటించాను :-)

కొండల మధ్య ఒక్కటే భవనం. మట్టిని దిమ్మిస కొట్టి కట్టిన మందపాటి గోడలు. మొదట్లో ఆ రాతి మీద కప్పు మాత్రమే వేశారట. అది చాలదని తేలి 2002లో ఈ భవనం కట్టారు. గైడు లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. లోపల చల్లగా, కాస్త చీకటిగా ఉంది. చుట్టూ ఎత్తుగా నడిచే దారి, కింద 210 చదరపు మీటర్ల రాతి పలక. మన లెక్కలో ఇరవై రెండొందల చదరపుటడుగులు, అంటే ఓ పెద్ద ఫ్లాటంత. దాని మీద సుమారు 3,300 అడుగుల గుర్తులు!

చెప్పొద్దూ, మొదటి నిమిషం నాకేమీ కనపడలేదు. వాన వెలిశాక గేదెలు తొక్కిన చెరువు గట్టులా ఉంది. గైడు లైటు పక్కనుంచి వేసింది. నీడలు పడ్డాయి. అంతే, ఒక్కసారిగా అన్నీ లేచి నిలబడ్డాయి. కోడి కాలంత మూడేళ్ళ గుర్తులు, ఎమూ పక్షి కాలంతవి, వాటి మధ్యనుంచి ఠీవిగా నడిచి వెళ్ళిన పదకొండు పెద్ద అడుగులు. మావాడు రెయిలింగ్ పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. మాట లేదు. వాడలా ఉండడం నాకు తెలిసి అదే మొదలు.

వీటిని 1960ల్లో మొదట చూసింది గ్లెన్ సీమౌర్ అనే పశువుల క్షేత్రం మేనేజరు. శిలాజాలుగా మారిన పక్షి అడుగులనుకున్నాడట. పక్షులు డైనోసార్ల సంతతే కాబట్టి మరీ అంత తప్పేం కాదు! 1976, 77లలో క్వీన్స్‌లాండ్ మ్యూజియం వాళ్ళు, యూనివర్సిటీ ఆఫ్ క్వీన్స్‌లాండ్ వాళ్ళు కలిసి అరవై టన్నులకు పైగా రాయి తీస్తే ఈ పలక బయటపడింది. ఆ తవ్వకంలో జీతం లేకుండా పనిచేసిన మాల్కం లార్క్ పేరే ఆ చోటికి పెట్టారు. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

1984లో టోనీ థల్‌బోర్న్, మేరీ వేడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గుర్తులకి ఒక కథ చెప్పారు. నీటి ఒడ్డున నూట యాభై దాకా చిన్న డైనోసార్లున్నాయి. పెద్ద మాంసాహారి ఒకటి నైరుతి దిక్కుగా నడిచి వచ్చింది. చిన్నవి బెదిరి ఎదురు దిక్కుకి, అంటే ఈశాన్యానికి, ఒక్కుమ్మడిగా పరుగు తీశాయి. తొక్కిసలాట! ఆ చోటు అధికారిక నామమే 'డైనోసార్ స్టాంపీడ్ నేషనల్ మాన్యుమెంట్'. మావాడు పదమూడొందల కిలోమీటర్లు వచ్చింది ఈ కథ కోసమే.

అయితే కథ అక్కడితో ఆగలేదు. అదే యూనివర్సిటీకి చెందిన ఆంథొనీ రొమీలియో, స్టీవెన్ సాలిస్‌బరీ ఆ గుర్తుల్ని మళ్ళీ కొలిచారు. ఆ పెద్ద అడుగులు మాంసాహారివి కావు, ముట్టబరాసారస్ లాంటి శాకాహారివి అని 2011లో రాశారు. 2013లో ఇంకో అడుగు ముందుకేశారు. చిన్న గుర్తుల్లో చాలావరకు గీతల్లాగా, గోళ్ళతో గీరినట్టు ఉన్నాయి. అవి పరుగువి కావు, ఈదుతున్నప్పుడు కాలి కొసలు అడుగున తగిలిన గుర్తులు అన్నారు. పైగా అన్నీ ఒకేసారి పడినవి కావు, నీటి లోతు మారుతూ ఉండగా వేర్వేరు సమయాల్లో ఏరు దాటిన జంతువులవి. అంటే తరిమిందీ లేదు, పారిపోయిందీ లేదు! థల్‌బోర్న్ ఒప్పుకోలేదు, గట్టిగానే జవాబు రాశారు. గైడు రెండు వాదనలూ చెప్పి, "రాయి ఇదిగో, మీరే చూసుకోండి" అంది.

మావాడి మొహం చిన్నబోయింది. "నాన్నా, మరి ఏది నిజం?" అన్నాడు.

"గుర్తులు నిజం రా. ఎప్పుడు పడ్డాయన్న దగ్గరే గొడవంతా" అన్నాను. అనేశాక నా మాట నాకే ఎక్కడో గుచ్చుకుంది.

ఎందుకంటే, సుమారు పదిహేనేళ్ళ క్రితం హైదరాబాదులో పనిచేసేటప్పుడు నేనూ ఇలాంటి కథ ఒకటి రాశాను. ఒక రాత్రి ప్రొడక్షన్‌లో లావాదేవీలు రెండేసిసార్లు పడ్డాయి. రూట్ కాజ్ రిపోర్టు రాసే పని నాది. రెండు సర్వర్ల లాగులు తీసి, టైము ప్రకారం ఒకే వరసలో పేర్చాను. 2:06కి మా టీములోని కుర్రాడొకడు డేటాబేసు మీద స్క్రిప్టు నడిపాడు. 2:10 నుంచి అప్లికేషన్ సర్వర్లో తప్పులు మొదలు. ఇంకేముంది, తరిమిందెవరో పారిపోయిందెవరో కళ్ళకి కట్టినట్టుంది. "అన్నా, నేను నడిపేటప్పటికే అక్కడ ఏదో తేడాగా ఉంది" అన్నాడు వాడు. లాగులు అబద్ధం చెప్పవు అన్నాను నేను, పెద్ద జ్ఞానిలాగా. వాణ్ణి ప్రాజెక్టులోంచి తీసేశారు. ఆ ఏడు రేటింగ్ పోయింది. కొన్నాళ్ళకి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు.

ఐదు నెలల తర్వాత ఇంకేదో సమస్య వెతుకుతుంటే తెలిసింది, ఆ అప్లికేషన్ సర్వర్ గడియారం ఏడు నిమిషాలు ముందుంది. తప్పులు మొదలైంది 2:10కి కాదు, 2:03కి. అంటే వాడి స్క్రిప్టు కన్నా ముందే. లాగులు అబద్ధం చెప్పలేదు. రెండు గడియారాల్ని ఒకటే అనుకున్నది నేను. మేనేజరుకి నోటిమాటగా చెప్పాను. "పాత విషయం కదా, వదిలెయ్" అన్నాడు. వదిలేశాను. రిపోర్టు దిద్దలేదు. వాడికి చెప్పనూ లేదు.

మా వృత్తిలో మనం ఎముకలు చూడం, అడుగులే చూస్తాం. జరిగిపోయినదాని గుర్తులు చూసి జరిగింది ఊహిస్తాం. కథ అల్లడం తప్పు కాదు. థల్‌బోర్న్, వేడ్ పేర్లు పెట్టి, కొలతలు వేసి, వాదన అచ్చేశారు. అందుకే పాతికేళ్ళు దాటాక కూడా ఇంకొకరు వచ్చి "ఇక్కడ నాకు అలా కనపడలేదు" అనగలిగారు. ఎవరు గెలిచినా రాయి అక్కడే ఉంది, పైన కప్పుతో, గోడలతో భద్రంగా. నా రిపోర్టు అలా లేదు. లాగులు తొంభై రోజులకి చెరిగిపోయాయి, నా ముగింపు వాక్యం మాత్రం మిగిలింది. అందరూ గుర్తుపెట్టుకున్నది దాన్నే.

తిరుగు ప్రయాణంలో మావాడు వెనక సీట్లోంచి తీర్పు చెప్పాడు. "కొన్ని పరిగెత్తాయి, కొన్ని ఈదాయి. వేరే వేరే రోజుల్లో." ఇదేదో శాస్త్రవేత్తలు వినాల్సిన రాజీ :-)

బ్రిస్బేన్ చేరాక ఆ కుర్రాణ్ణి వెతికి పట్టుకున్నాను. కుర్రాడేంటి, నలభైకి దగ్గరపడుంటాడిప్పుడు. ఏడు నిమిషాల సంగతి, నా తప్పు, అన్నీ వివరంగా మెయిల్ రాశాను. నాలుగు రోజులకి ఒక్క వాక్యం జవాబొచ్చింది.

"అన్నా, ఆ విషయం నాకు ఆ రాత్రే తెలుసు, మీకెప్పుడు తెలిసింది?"

ఐదు నెలలకే తెలిసింది అని రాయాలి. మెయిల్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.